మా మామ ముందర పెట్టిన క్వార్టర్

మా మదనపల్లి వార్డులో కొత్త రూలొచ్చింది. ఇంట్లో పార్టీ పెట్టి, ఇరవై ఒకటి నిండని పిల్లోళ్లకు మందు పోస్తే ఇంటోళ్లకు జరిమానా. మంచి రూలే.

ఈ రోజు పెద్దల అమావాస్య. చనిపోయిన మా మామకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందర పెట్టినాం. సంగటి, నాటుకోడి పులుసు, ఒక క్వార్టర్ బాటిల్. మా పాప కాలేజీ స్నేహితులు భోజనానికొచ్చి పాటలు పెట్టినారు. ఆ సద్దు విని ఎవరో ఫోన్ చేసినారు. మహిళా పోలీసు వచ్చి నేరుగా బాటిల్ దగ్గరే నిలబడింది.

"ఎవరిదమ్మా ఇది?"

మా అత్త విస్తరి సర్దుతానే, "మా ఇంటాయనదమ్మా. ఇరవై ఒకటి ఎప్పుడో దాటినాడు, కావాలంటే ఆయన్నే అడుగు" అని ఫోటో చూపించింది.

ఆయమ్మ నవ్వేసి ఫోటోకు దండం పెట్టింది. "సరే గానీ, పూజైనాక దీన్ని తాగేదెవరు?"

ప్రతి ఏడూ ప్రసాదమని తాగేది మా ఆయనే. ఆయనేమో ఫ్యాను కల్లా చూస్తాండాడు.

"ఎవరూ తాగరమ్మా, చెట్టుకు పోస్తాం" అని మా అత్త అప్పుడే తీసుకుపోయి కరేపాకు చెట్టుకు పోసేసింది.

రూలు పిల్లోళ్ల కోసం పెట్టినారు, దెబ్బ యాభై ఏండ్లాయనకు తగిలింది. మీ ఇండ్లలో పెద్దల వాటా ఎవరి గొంతులోకి పోతాదో నిజం చెప్పండి.