లాలు ఇచ్చిన క్రాసులు

పాల్వంచలో భద్రాచలం రోడ్డు మీదున్న బిచ్యా షెడ్డుకు బోర్డు లేదు. ఆ అవసరమే రాలేదు. తండా నుంచి వచ్చి, లారీలు కడుగుతూ పానా పట్టడం నేర్చుకున్న మనిషి, పదిహేనేళ్లు తిరిగేసరికి బండి శబ్దం విని రోగం చెప్పేంతవాడయ్యాడు. ఒక్కటే గుణం, అనుమానం. ఏ కొట్టు సామానైనా తుడిచి, బొటనవేలి గోరుతో గీసి చూడందే బిగించడు. దేవుడు దిగివచ్చి బేరింగు ఇచ్చినా వీడు గోరు గీసే తీసుకుంటాడని కొట్లవాళ్లు ఏడిపించేవారు.

1986లో అడవి కాంట్రాక్టరు బసవపున్నయ్య తన రెండు సీట్ల ఇంగ్లీషు కారు తెచ్చాడు. ఎప్పుడో ఒక దొర అమ్ముకుని పోయిన బండి. మలుపు తిరిగితే చాలు, వెనక టకటకమంటోంది. దాని వెనక ఇరుసులో ఒక్కో చక్రానికి ఒక్కో క్రాసు ఉంటుంది. కూడిక గుర్తులా నాలుగు చేతులున్న ఇనుప ముక్క అది. రెండూ అరిగిపోయాయి.

మద్రాసులో తయారైన హెరాల్డు కారు క్రాసే దీనికీ పడుతుంది. అందులో రెండు రకాలు.

"గ్రీజు కొట్టే బొడిపె ఉన్నదెయ్యి బిచ్యా. మన దుమ్ముకు అదే మంచిది గదా?" అన్నాడు బసవపున్నయ్య.

"వద్దు సారూ. గ్రీజు పోయేటందుకు దానికి లోపల బెజ్జం పెడ్తరు. ఈ బండికి చక్రం బరువు గూడ క్రాసు మీదనే పడ్తది. బెజ్జం ఉంటే ఇరుగుతది. గట్టిదే ఏద్దాం."

"నీ ఇష్టం. మా ఇంటామె రాఘవమ్మను పర్ణశాల తీస్కపోతనని మాటిచ్చిన."

బొడిపె లేనివి ఖమ్మం మొత్తం మీద లాలు కొట్టులోనే దొరికాయి. లాలు బిచ్యా భార్య రూప్లికి తమ్ముడు. ఆ కొట్టు పెట్టించింది కూడా బిచ్యానే.

"కండ్లు మూసుకొని బిగించు బావా. కొత్త మాలు," అని లాలు రెండు డబ్బాలు చేతిలో పెట్టాడు.

వాళ్ల తండాలో సొంతవాడు కట్టిచ్చిన మూటను తడిమి చూడరు. చూస్తే వాణ్ని దొంగ అన్నట్టే. షెడ్డులో డబ్బాలు విప్పితే క్రాసుల నిండా గ్రీజు దట్టంగా పట్టించి ఉంది. బిచ్యా అలవాటుగా గుడ్డ అందుకున్నాడు. అంతలోనే సిగ్గేసి పక్కన పడేశాడు. బామ్మర్ది ఇచ్చినదానికి కూడా గోరు గీస్తాడా! అలాగే బిగించేశాడు. పుట్టి బుద్ధెరిగాక చూడకుండా బిగించినవి ఆ రెండే.

పర్ణశాల దారిలో దుమ్ముగూడెం దాటాక ఎడమ క్రాసు విరిగింది. చక్రం పక్కకు వాలిపోయి కారు కాలవలోకి దిగింది. రాఘవమ్మ మణికట్టు విరిగింది.

విరిగిన ముక్క తుడిచి చూస్తే గోరు దిగేంత గాట్లు. అరిగిన సరుకును సానబట్టి కొత్త డబ్బాలో పెట్టారు. అయినా బిచ్యా మనసు ఒప్పుకోలేదు. లాలునే ఎవడో మోసం చేసి ఉంటాడు, పాపం వాడికి తెలియదు అనుకున్నాడు. అలా అనుకోకపోతే రేపు రూప్లి మొహం ఎలా చూడాలి? హైదరాబాదు వెళ్లి ఎడమవైపుకు మంచి క్రాసు తెచ్చి వేశాడు. కుడివైపు దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అదీ అలాంటిదే అయితే పొరపాటు అనుకోవడానికి దారి ఉండదు.

బసవపున్నయ్య కబురు పంపితే లాలు షెడ్డుకు వచ్చాడు.

"ఒక్కటేదో ఖరాబు పీసు వచ్చుంటది సారూ. డబ్బాల వచ్చింది, డబ్బాల ఇచ్చిన. రెండోది మాత్రం పక్కా కొత్తది. మా అమ్మ తోడు," అన్నాడు.

బిచ్యాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని, పక్క సీటు తట్టాడు.

"రా లాలూ, కిన్నెరసాని దాక పోయొద్దాం. సారు గూడ చూస్తడు."

లాలు కదలలేదు. కొట్టు తెరిచి వచ్చానన్నాడు. బస్సు వేళయిందన్నాడు. బిచ్యా తాళం తిప్పాడు. ఇంజను అందుకోగానే లాలు పరుగున వచ్చి తలుపు పట్టుకుని, చెవి దగ్గరకు వంగాడు.

"పోవద్దు బావా. నువ్వు గూడ దిగు."

బిచ్యా ఇంజను ఆపాడు.

"బిగించినంక ట్రయలుకు మీ అక్కను ఈ సీట్లనే కూసోబెట్టుకొని ఖమ్మం వచ్చిన. నీ కొట్టు ముందల ఆపితే అక్కకు సోడా తాపిచ్చి సాగనంపినవ్. ఆనాడెందుకు చెప్పలేదురా?"