మేకల దారి

మా జిల్లా కొత్తగా ఏర్పడిన ఏడాది వేసవిలో నన్ను నర్సీపట్నం దగ్గర కొండ కింది పార్కుకు సెక్షన్ ఆఫీసరుగా వేశారు. అడవి ఉద్యోగంలో సెక్షన్ ఆఫీసరుకు పైన రేంజరు, కింద బీట్ ఆఫీసర్లు ఉంటారు. తిట్లు పైనుంచి వస్తాయి, కష్టాలు కిందనుంచి వస్తాయి.

ఆ పార్కంటే నాకు ప్రాణం. జనం మాత్రం ఉయ్యాలల దగ్గరే ఆగిపోయేవారు. వెనక కొండ మీద మా ఫైర్ లైన్లు ఉండేవి. వేసవిలో మంట ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పాకకుండా తుప్పలు కొట్టి ఖాళీగా ఉంచే పట్టీలవి. వాటిలో ఒకటి కొండ దాటి నాతవరం వైపు జీడితోటల్లోకి దిగుతుంది. దాన్ని నడకదారిగా తెరవమని ప్రతిపాదన పెట్టాను.

పద్ధతి ప్రకారం రేంజరు ఆ దారిని నడిచి చూడాలి. మా రేంజరు సత్యారావు గారు జీపు దిగలేదు. తల బయటపెట్టి, సిబ్బంది అందరి ముందూ, "ఏటయ్యా, మేకలు పోయే దారి మనుషులకెందుకు?" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లు నాకిప్పటికీ గుర్తే. వారం తిరక్కుండా పార్కు వైపు, ఆ దారి మొదట్లో "దారి లేదు" అని బోర్డు లేచింది. నేను రిటైరయ్యేదాకా బీట్ ఆఫీసర్లకు చాటుగా నేను మేకల సారునే.

రిటైరయ్యాక మళ్లీ ఆ పార్కుకే వెళ్లి, ఉద్యోగంలో తీరిక దొరక్క చూడని కాలిబాటలన్నీ నడిచాను. మేకల దారిని మాత్రం మిగుల్చుకున్నాను. అది మనుషుల దారేనని సత్యారావు గారి నోటితోనే అనిపించాలి.

ఆయన కూడా రిటైరై నర్సీపట్నంలోనే ఉన్నారు. డాక్టరు రోజూ నడవమన్నాడట. "నాతవరం వైపు జీడితోటల్లో చల్లగా ఉంటుంది, రండి సార్" అని షేర్ ఆటో ఎక్కించాను. ఎక్కడ తేలుతామో చెప్పలేదు.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆయన మెచ్చుకుంటూనే ఉన్నారు. పైనుంచి తాండవ జలాశయం నీళ్లు మెరుస్తూ కనిపించేసరికి నా భుజం మీద చరిచి, "ఇంత మంచి దారుందని ఇన్నాళ్లూ సెప్పలేదేటయ్యా? మనిషివేనా నువ్వు?" అన్నారు.

మేకనండి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పార్కు వైపు దిగేసరికి బోర్డు వీపు కనిపించింది. ఆయన ముందుకెళ్లి, వెనక్కి తిరిగి చదివారు.

"ఈ బోర్డు పెట్టిన మహానుభావుడెవడయ్యా?"

"తమరేనండి."

ఆయనకు జీపూ గుర్తులేదు, మేకలూ గుర్తులేవు. జరిగినదంతా వరసగా చెప్పాను. శ్రద్ధగా విని, కళ్లజోడు తుడుచుకుని, బోర్డును మరోసారి చూశారు.

"నేనేనా? అయితే ఏదో కారణం ఉండే ఉంటాది. అప్పట్లో మేకలెక్కువేమో. పద, బేగి పద, టీ తాగుదాం."

తనిఖీ కాలినడకనే చేయాలన్న నియమం సరైనదని ఆ రోజు తేలింది. నేను నేర్చుకున్నది ఇంకొకటి. మాట అన్నవాడికి గుర్తుండదు కనక, పడ్డవాడే దాన్ని భద్రంగా ఉంచాలి. ఉంచాను.

బోర్డు ఇంకా అక్కడే ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, "మన దారికి పోదామేటి?" అంటారు. ఇద్దరం ఆ బోర్డు వెనకనుంచి దిగి వస్తాం.