దూపకు అగరుబత్తీలు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులనుకునేరు, నా జుట్టింకా నల్లగానే ఉంది) చేతిలో ఫోనుంటే చాలు, లోకంలోని చదువంతా కొంగున ముడేసుకున్నట్టే అనుకునేదాన్ని. తొర్రూరు దగ్గర ఒక లంబాడీ తండా బడిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఉచితంగా దొరికే పాఠాల వీడియోలు, పటాలు, నోటితో అడిగితే వెతికిపెట్టే సదుపాయం, అన్నీ ఫోనులో సిద్ధం చేసుకుని, ప్రొజెక్టరు కావాలని మా పెద్దసారు ప్రాణం తీసి తెప్పించాను. ఆయనకు దాని మీద నమ్మకం లేదు. "చూడు బిడ్డా, ఇయ్యాల నేనొచ్చి ఎనక కూసుంట. పిల్లలకు పనికొస్తె సరే, లేకుంటే గీ డబ్బను మరిపెడ బడికి పంపిస్త. వాళ్లు అడుగుతున్నరు" అన్నారు.

నేనూ తొర్రూరు పిల్లనే. అయినా టీచరన్నాక గౌరవంగా ఉండాలని బడిలో అచ్చం పుస్తకంలా మాట్లాడేదాన్ని. (ఇంటికెళ్తే మా అవ్వతో "ఏం కూర వండినవే" మామూలే.) ఎండాకాలం, ఒంటిపూట బడి. "పిల్లలూ, మీకు తెలుసుకోవాలని ఉన్నది ఏదైనా అడగండి" అన్నాను మహారాణిలా. ముందు వరుసలోంచి ఒక పిల్ల లేచింది. ఏం చెప్పినా ఎందుకని అడిగేది కనుక దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టాం. "టీచర్, ఎండలకెల్లి వస్తె దూప ఎందుకైతది?" అంది. (దూప అంటే మాకు దాహం.) అదే మాట ఫోనును అడగమన్నాను. అడిగింది. గోడ నిండా అగరుబత్తీలు! పక్కన సాంబ్రాణి కప్పులు, ఇత్తడి ధూపదానులు. మళ్లీ అడిగితే, ఏ వారం ధూపం వేస్తే ఇంటికి మంచిదో వచ్చింది. వెనకనుంచి పెద్దసారు, "అంగట్ల అన్ని ఉన్నయి, అల్లుని నోట్ల శని" అన్నారు.

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పుస్తకం భాష ఎటుపోయిందో ఏమో, "నీ మొకం మండ! దూప తెల్వదా నీకు? ఏ ఊరే నీది?" అని ఫోనును తిట్టాను. అది శ్రద్ధగా విని, ముఖం మంటకు రాసుకునే లేపనాలు చూపించింది. తరగతి గొల్లుమంది. పెద్దసారు రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నాకు మాత్రం ప్రొజెక్టరు మరిపెడ బస్సెక్కుతున్నట్టే కనిపించి ఏడుపొచ్చేసింది.

ఎందుకమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది. "ఏడ్వకుండ్రి టీచర్. దానికి మన మాట రాదు. బడికొచ్చిన కొత్తల నాకు గూడ మీ మాట రాకపోతుండె గద. మా ఇంట్ల నీళ్లను పాణి అంటం. మీరు ఇంకో తీర్గ చెప్తె సమజైంది. దానికి గూడ ఇంకో తీర్గ చెప్పుండ్రి."

ముక్కు చీదుకుని, "దాహం ఎందుకు వేస్తుంది" అని అడిగాను. వచ్చింది! చెమట, ఒంట్లో తగ్గే నీరు, మెదడు పంపే కబురు, అన్నీ కదిలే బొమ్మలతో. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆపైన దప్పిక అని ఒకడు, నీళ్లు అని ఇంకొకతె, ఫోను కోసం ఎగబడ్డారు. ఒక మాటకు దొరక్కపోతే ఇంకో మాటతో వెతకాలని ఆ పూటే నేర్చుకున్నారు, వాళ్లతో పాటు నేనూ. పెద్దసారు లేచారు. "డబ్బ ఈడనే ఉండనియ్యి. గని బిడ్డా, ఫోన్‌తోని మాట్లాడినట్టే పిల్లలతోని గూడ మాట్లాడు. తిట్లు ఇడిసిపెట్టి."

ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోనును దూప అని అడిగి చూస్తుంటాను. ఒక్కోసారి సరిగ్గానే చెబుతుంది, పాపం నేర్చుకుంటోంది. అగరుబత్తీలు వచ్చిన రోజు మాత్రం, కొంగు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లా, ఫోను మీద అలిగి ఏడ్చిన ఆ పడుచు టీచరూ కళ్ల ముందుకొస్తారు. ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని, ఇన్ని చల్లటి నీళ్లు తాగించాలనిపిస్తుంది.