అర నిమిషం లెక్క

2006వ సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. నేను ఎం.పి.ఎడ్. రెండో సంవత్సరంలో ఉన్నాను. వ్యాయామ విద్యలో పీజీ అన్నమాట. ఈల ఊదడానికి అంత చదువెందుకో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ అర్థం కాదు. బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్న కూడా "ఆటలకు పీజీ ఏందిరా" అని నవ్వేవాడు. నిజానికి ఆ కోర్సులో పోటీలు ఎలా నిర్వహించాలో చెప్పే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఉంటుంది, శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే ఫిజియాలజీ ఉంటుంది, మాలాంటి వాళ్ళను ఏడిపించే స్టాటిస్టిక్స్ ఉంటుంది. చివర్లో డిసర్టేషన్ రాయాలి. పిల్లల మీద పరీక్షలు చేసి, అంకెలు సేకరించి, ఆ అంకెలతో ఏదో ఒక మాట నిరూపించాలి.

నేను నిరూపించాలనుకున్న మాట ఏమిటంటే, అడవి పల్లెల ఆడపిల్లల దమ్ము పట్నం ఆడపిల్లల దమ్ముకంటే ఎక్కువ అని. పరీక్షకు ముందే వేసుకునే ఇలాంటి ఊహను హైపోథిసిస్ అంటారు. మాది బొగ్గుగనుల ఊరు. అక్కడ అందరూ "కోయోళ్ళకు అలుపనేది ఉండదు" అంటుంటే వింటూ పెరిగాను. పొగడ్తే కదా, తప్పేముంది అనుకునేవాణ్ణి. మధిరలో ఒక హైస్కూల్లో అరవై మంది ఆడపిల్లల అంకెలు అప్పటికే తీసుకున్నాను. మిగిలిన అరవై మంది కోసం భద్రాచలం దాటి అడవి రోడ్డు మీద ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాను. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు వారాలు అక్కడే ఉండటానికి అనుమతి తెచ్చుకున్నాను.

మొదటిరోజే హెడ్‌మిస్ట్రెస్ మేడం నన్ను కూర్చోబెట్టి ఒక షరతు పెట్టింది.

"ఆడపిల్లల చెయ్యి పట్టుకునుడు గిట్ల వద్దు సార్. రేపు తల్లిదండ్రులు వచ్చి అడిగితే నేను జవాబు చెప్పేటట్టు ఉండాలె."

న్యాయమైన మాటే. అయితే నా పరీక్ష అంతా నాడి చూడటం మీదే ఆధారపడింది. దాని పేరు స్టెప్ టెస్ట్. ఒక పొట్టి చెక్క బెంచీ ఎక్కుతూ దిగుతూ నాలుగు నిమిషాలు ఆగకుండా చేయాలి. ముందు, కూర్చున్నప్పుడు నాడి ఎంత ఉందో రాసుకుంటాం. దాన్ని రెస్టింగ్ పల్స్ అంటారు. అయ్యాక అది ఎంత త్వరగా నెమ్మదిస్తే గుండె అంత గట్టిదని లెక్క. నేను ముట్టుకోకూడదు కాబట్టి ఒక ఉపాయం చేశాను. పిల్లలను జంటలు చేసి, ఒకరి నాడి ఒకరు లెక్కపెట్టడం నేర్పాను. నేను ఈల ఊదగానే మొదలుపెట్టాలి, అర నిమిషానికి రెండో ఈల ఊదగానే ఆపాలి. మరో అర నిమిషానికి ఊదే మూడో ఈల తరువాతి లెక్కకు సిద్ధం కమ్మని. వాళ్ళు చెప్పిన అంకెను నేను రెండుతో హెచ్చవేసి నిమిషానికి ఇంత అని రాసుకునేవాణ్ణి.

ముత్తమ్మ, సమ్మక్క ఒక జంట. ఇద్దరూ తొమ్మిదో తరగతి. ముత్తమ్మ సన్నగా, పొడుగ్గా, ఎవరినీ సూటిగా చూడకుండా ఉండేది. ఆమె గురించి అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, బలపాలు తింటుందని. ఆయా ఎన్నిసార్లు తిట్టినా జేబులో ఒక ముక్క ఉండేది. ఒకసారి గ్రౌండులో నా కళ్ళముందే కొరుకుతుంటే, "అన్నం చాలట్లేదా తల్లీ" అని ఎగతాళి చేసి పిల్లలందరినీ నవ్వించాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

సమ్మక్క వేరే రకం. లెక్కల్లో క్లాసు మొత్తానికి మొదటిది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ నాడి లెక్కపెట్టేది. ముత్తమ్మను పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి రెస్టింగ్ పల్స్ తీయించినప్పుడు, సమ్మక్క చెప్పిన అంకె అరవై ఒకటి.

అందరి అంకెలూ ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు అలా ఉన్నాయి. అరవై ఒకటిని రెండుతో హెచ్చవేస్తే నూట ఇరవై రెండు. తీరిగ్గా కూర్చున్న పిల్లకు అంత ఉండదు. కాబట్టి సమ్మక్క రెండో ఈల వినిపించుకోకుండా మూడో ఈల దాకా నిమిషం మొత్తం లెక్కపెట్టిందని తేల్చేశాను.

"లేదు సార్, అర నిమిషమే. రెండో ఈలకే ఆపిన" అంది సమ్మక్క.

"రెండో ఈల నీకు వినపడలేదమ్మా. పర్వాలేదు" అన్నాను.

ఇంకేదో అనబోయి ఆగింది. సార్‌కు ఎదురు చెప్పకూడదని ఆ పిల్లలకు మేమే కదా నేర్పింది. నేను ముత్తమ్మ పేరు ఎదురుగా 61 అని రాసుకున్నాను. అందరి అంకెలూ హెచ్చవేసి, ఆమెది మాత్రం ఉన్నదున్నట్టు. కూర్చున్నప్పుడు నిమిషానికి అరవై ఒకటి అంటే ఏళ్ళ తరబడి సాధన చేసిన రన్నర్లకు ఉండే నాడి. నా హైపోథిసిస్ ఒక మనిషి రూపంలో వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు సంబరపడ్డాను. మళ్ళీ లెక్కపెట్టించి ఉంటే అర నిమిషం పట్టేది.

బెంచీ పరీక్షలో ముత్తమ్మ రెండు నిమిషాలకే ఆగిపోయింది. బెంచీ అంచు పట్టుకుని నిలబడి, నోటితో గాలి పీల్చుకుంది. సమ్మక్క లెక్కపెట్టి ఎనభై అంది. అదీ నిమిషానికే అనుకున్నాను. ఎక్కి దిగిన తరువాత కూడా ఎనభయ్యే ఉన్న పిల్ల రెండు నిమిషాలకు ఎందుకు ఆగుతుంది? గుండెకు లోటు లేదు, మనసు పెట్టట్లేదు. నోట్‌బుక్కులో "మోటివేషన్ లేదు" అని రాశాను. మా చదువులో అదొక గొప్ప సదుపాయం. పిల్ల చేయలేకపోతే కారణం మా దగ్గర వెతకక్కరలేదు, ఆ మాట రాసేస్తే చాలు.

తరువాత రెండు వారాలూ ముత్తమ్మకు మోటివేషన్ ఇవ్వడమే పనిగా పెట్టుకున్నాను. పొద్దున పీటీలో ముందు వరుసలో నిలబెట్టాను. నీలాంటి గుండె ఈ బడిలో ఎవరికీ లేదని అందరిముందూ చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. అంతకుముందు ఆమెను ఎవరూ దేనికీ మెచ్చుకున్నట్టు లేదు. అప్పటినుంచి ఆయాసపడుతూనే పరుగెత్తేది, ఆగిపోతే నా వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టేది. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. బద్ధకంతో మొండికేసి ఉంటే బతికిపోయేది. నేను మెచ్చుకున్నానని పరుగెత్తింది.

చివరి పరీక్ష పన్నెండు నిమిషాల పరుగు. ఆ వ్యవధిలో ఎంత దూరం పోగలరో కొలవడం. పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాను. ముత్తమ్మను మొదటి బ్యాచిలో ముందు నిలబెట్టాను. మూడు చుట్లు బాగానే పరుగెత్తింది. నాలుగో చుట్టులో అడుగులు తడబడ్డాయి. "ఆగకు, ఆగకు" అని అరిచాను. ఆగలేదు. ఇంకో ఇరవై గజాలు పోయి మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది.

పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదటిసారి. నా వేళ్ళ కింద నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. అరచేతి గీతల్లో కూడా ఎరుపు లేదు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మూడు వారాలుగా నా ఎదుట తిరిగిన పిల్ల, ఇవన్నీ ఆ రోజే వచ్చినవి కావు.

బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. రోడ్డు మీద వస్తున్న వెదురు లారీని ఆపి, హెడ్‌మిస్ట్రెస్, నేను ముత్తమ్మను క్యాబిన్లో పడుకోబెట్టుకుని భద్రాచలం దవాఖానాకు చేరేసరికి తొమ్మిది దాటింది. డాక్టరుగారు కనురెప్ప కిందికి లాగి చూశారు. లోపల కాగితంలా తెల్లగా ఉంది. రక్తం పరీక్షకు పంపించి మావైపు తిరిగారు.

"ఈ పిల్లను ఉరికిచ్చింది ఎవరు?"

"నేనే సార్" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. రక్తం ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదని రిపోర్టు వచ్చింది. ఏడాదిగా మళ్ళీ మళ్ళీ వచ్చిన మలేరియా దాన్ని తినేసింది. రక్తం తక్కువైతే ఉన్న కొద్దిపాటి రక్తాన్నే ఒళ్ళంతా తిప్పడానికి గుండె రెట్టింపు వేగంతో కొట్టుకుంటుందని, కూర్చున్నా నూట ఇరవై దాకా పోతుందని, అలాంటి పిల్లలు మట్టి, సున్నం, బలపాలు తింటారని ఆయనే చెప్పారు. నూట ఇరవై అన్న మాట వినగానే సమ్మక్క చెప్పిన అరవై ఒకటిని మనసులో మళ్ళీ రెండుతో హెచ్చవేసుకున్నాను.

నా రక్తం గ్రూపు కలిసింది. ఒక సీసా ఇచ్చాను. మెల్లమెల్లగా ఎక్కించారు. మర్నాడు మొదటి బస్సుకు ముత్తమ్మ తండ్రి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో చిన్న సంచి, అందులో కూతురి కోసం తెచ్చిన ఉడకేసిన గడ్డలు. అలసిపోయిన గుండె అంతకంటే లాగలేకపోయింది. మధ్యాహ్నం కాకముందే ముత్తమ్మ చనిపోయింది.

వరండాలో ఆయన పక్కన కూర్చున్నాను. జరిగింది మొత్తం చెప్పాను, పరుగు సంగతి కూడా. కొడతాడేమో అనుకున్నాను. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"ఎండకాలం నుంచే నడిస్తే ఆయాసం వస్తందన్నది సారూ. అందుకే తునికాకు కోతకు గూడ తీస్కపోలే. బడిల సదువుకున్నోళ్ళు ఉంటరు గద, వాళ్ళు కనిపెడ్తరు అనుకున్న."

తండ్రి ఆమెను కష్టమైన పనికి తీసుకుపోలేదు. చదువుకున్నవాణ్ణి నేను పరుగెత్తించాను. పిల్ల జబ్బుతో పోయిందని కాగితాల్లో రాసుకున్నారు, నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆ తండ్రి మాట వినేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

సామాను తెచ్చుకోవడానికి మళ్ళీ బడికి వెళ్ళాను. సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతుంటే సమ్మక్క వచ్చి ఎదురుగా నిలబడింది. నాడి లెక్కలు రాసుకున్న కాగితం చేతిలో ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముత్తమ్మ నాడి తప్పు లెక్కపెట్టినందుకే ఇలా అయిందని హాస్టల్లో పిల్లలు ఆమెను అంటున్నారట. తప్పని మొదట అన్నది నేనే కదా, అందరూ విన్నారు.

"నేను తప్పు లెక్కవెట్టిన్నా సార్?" అని అడిగింది.

బస్సు హారన్ కొడుతోంది. చుట్టూ పిల్లలు, వెనక టీచర్లు నిలబడి చూస్తున్నారు. "తప్పు ఎవరిదీ కాదమ్మా" అన్నాను. అనేసి బస్సెక్కాను.

నా డిసర్టేషన్ గైడ్ జరిగింది విని కాసేపు బాధపడి, ఆ ఒక్క పిల్ల అంకెలు తీసేయమన్నారు. తీసేశాను. డిసర్టేషన్‌లో యాభై తొమ్మిది మంది అని ఉంటుంది. పరిమితులు అనే అధ్యాయంలో "ఒక సబ్జెక్ట్ మధ్యలో విరమించింది" అని ఒక వాక్యం ఉంటుంది. మేము పరీక్షించే మనిషిని సబ్జెక్ట్ అంటాం. అడవి పిల్లల దమ్ము ఎక్కువేనని నిరూపణ అయింది. ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ అట్ట పుస్తకం ఇప్పటికీ లైబ్రరీలో ఉంది. అది చదివి నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

తరువాత నేను ఇదే వృత్తిలో ఉండిపోయాను. ఇప్పుడు నా దగ్గర పీజీ పిల్లలు డిసర్టేషన్లు రాస్తున్నారు. పరీక్షకు ముందు ప్రతి పిల్ల కనురెప్పా, నాలుకా చూడమంటాను, ఆడపిల్లలైతే నర్సమ్మను వెంటబెట్టుకుని. ఊహకు సరిపోని అంకె వస్తే అక్కడే పని ఆపమంటాను. ఆ అంకె ఎవరు చెప్పారో వాళ్ళ చేతే, మీ కళ్ళముందే మళ్ళీ లెక్కపెట్టించమంటాను. "అంత చాదస్తమేంది సార్" అని నవ్వుకుంటారు. నవ్వనీ.

కానీ గేటు దగ్గర నేను చెప్పిన జవాబును దిద్దే పాఠం ఏదీ నాకు దొరకలేదు. నాలుగేళ్ళ తరువాత ధైర్యం చేసి ఆ బడికి వెళ్ళాను. సమ్మక్క పదో తరగతి మధ్యలోనే మానేసిందని, నది అవతల ఎక్కడో కూలికి పోతోందని చెప్పారు. ఊరి పేరు ఎవరికీ తెలియదు. లెక్కల్లో మొదటి పిల్ల.

తప్పు ఎవరిదీ కాదన్నది అబద్ధం సమ్మక్కా. తప్పు నాది. నువ్వు రెండో ఈలకే ఆపావు. అరవై ఒకటి సరైన లెక్కే.