రెండు రింగులకే కట్ అయ్యే కాల్

మధ్యాహ్నం రెండున్నరకు మా ట్రక్కు ఏటిగట్టు మీద హైస్కూలు ముందు ఆగింది. వాన. గట్టుకి అవతల వరద గోదావరి, దాని మధ్య లంకలు. దూరానికి కొబ్బరి తలలే కనపడుతున్నాయి. మా సామాను ఒక ల్యాప్‌టాప్, శాటిలైట్ డిష్, రెండు బ్యాటరీలు, పన్నెండు ఇంటర్నెట్ ఫోన్లు. ఆర్మీ సిగ్నల్స్‌లో పదిహేడేళ్ల సర్వీసులో మంచుకొండలు చూశాను, ఎడారి చూశాను. సొంత జిల్లాకి డ్యూటీ మీద రావడం అదే మొదలు, అదే ఆఖరు.

సుబేదార్ సాబ్ ఆర్డరు ఒక్కటే. లంకల్లో ఎవరు సహాయ నంబరుకి ఫోన్ చేసినా, ఆ లంకకి కేటాయించిన పడవలో ఫోన్ మోగాలి. నాలుగింటికల్లా.

ఈ పని చేసేది ప్రాక్సీ సర్వర్. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసే మనిషి లాంటిదనుకోండి. ఏ కాల్ ఎటు పోవాలో మనం వరసగా రూల్స్ రాసిపెడితే పైనుంచి చదువుకుంటూ వస్తుంది. సరిపోయిన మొదటి రూల్ దగ్గరే ఆగిపోతుంది. కింద ఏం రాశామో దానికి అనవసరం. ఏ లంకలో ఎవరి నంబరేదో పంచాయతీ వాళ్లిచ్చిన జాబితా ఎక్కించాను. మూడూ యాభైకి మొదటి పడవలో ఫోన్ మోగింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వచ్చిన కాల్స్ లాగ్ తెరిస్తే అంతా వింతగా ఉంది. కాల్ వస్తుంది, రెండు రింగులు, కట్. మళ్లీ అదే నంబరు, రెండు రింగులు, కట్. ఒకటీ రెండూ కాదు, పేజీల కొద్దీ. ఏంటిది? పక్కనున్న రాజస్థాన్ జవాను నవ్వి, ఆకతాయిలు సార్, లైన్లు నింపేస్తున్నారన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఎత్తేలోపు మూడుసార్లు కట్ చేసిన నంబరుని ఆపేయమని కొత్త రూల్ రాసి, అన్నిటికన్నా పైన పెట్టాను. లైన్లు ఖాళీ అయ్యాయి. సాబ్ భుజం తట్టారు. నేనూ పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు.

పదకొండూ పదికి అరటిబోదెల తెప్ప మీద ఒకావిడ గట్టుకి చేరింది. సత్యవతి, చేపలమ్ముకునే మనిషి. తెప్ప తోసుకొచ్చింది ఆవిడ మరిది. కోడలికి తెల్లారినప్పటి నుంచీ నొప్పులట. మూడుసార్లు రెండేసి రింగులిచ్చింది, పడవ రాలేదు. తర్వాత మళ్లీ చేసి ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చుంది, అసలు మోగనే లేదు. అది మోగకుండా చేసింది నా రూల్.

పడవ వెంటనే సిద్ధమైంది, హైస్కూలు శిబిరంలోని డాక్టరు గారు కూడా ఎక్కారు. ఆవిణ్ణీ ఎక్కిస్తూ, ఎత్తిందాకా ఆగొచ్చు కదమ్మా అని అడిగాను.

"కరెంటు లేదు కదండీ, మాట్లాడితే చార్జింగ్ అయిపోద్ది. అయినా మా ఆయన చేతులు వలలో ఉంటాయండి, ఫోన్ ఎత్తడు. రెండు రింగులంటే పడవేసుకు రమ్మని. మా రేవుల్లో అందరం అంతేనండి." ఆగి మళ్లీ అంది. "ఆ మిషన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదాండీ?"

"నాకు తెలుసమ్మా. నేనే చెప్పలేదు," అన్నాను.

నిజంగానే తెలుసు. కొండల మీద ఉన్నన్నాళ్లూ మా ఆవిడ రోజూ ఉదయం ఇచ్చినవి అవే రెండు రింగులు. అందరం బాగున్నాం, ఎత్తకు అని. అదే సంగతి స్క్రీన్ మీద వరసలుగా కనపడితే పోల్చుకోలేకపోయాను.

ఆ రూల్ తీసేశాను. దాని చోట ఇంకోటి రాశాను. లంక నంబరు నుంచి రెండు రింగులకే కట్ అయిన కాల్ వస్తే, ఆ లంక పడవలో ఫోన్ ఎత్తేదాకా మోగుతూనే ఉండాలి. పన్నెండూ ఇరవైకి పని పూర్తయింది. ఒంటిగంటకి పడవ తిరిగొచ్చింది. ఆడపిల్ల, పడవలోనే పుట్టింది. తల్లి సొమ్మసిల్లి ఉంది గానీ బతికింది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు గారు నా మొహంలోకి చూడకుండా చెప్పారు.

ఆరో రోజు సామాను సర్దుకుని వెనక్కి వెళ్లిపోయాం. ఆ మరుసటేడు రిటైరయ్యాను. ఇప్పటికీ ఫోన్ మోగితే సత్యవతే కళ్ల ముందుకొస్తుంది. ఆవిడ నా ముందు ఎప్పుడూ ఫోన్ చేయలేదు. అయినా కనపడుతుంది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోన్ చెవికి ఆనించుకుని, మోగని రింగుల్ని పెదవులతో లెక్కపెడుతూ ఉంటుంది.