మామ తినేసిన పందెం

ఆఫీసులో ఎవరైనా ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెరిస్తే, ఆ వెన్న వాసనకి బోరబండలోని మా మేనమామ గుర్తొస్తాడు. చిన్నప్పుడు మేమిద్దరం టీవీలో గుర్రప్పందేలు చూస్తూ బిస్కెట్లు పందెం కాశాం. ఒక గుర్రం పేరు పక్కన 5/1 అని ఉంది. ఒక మార్కుకి ఐదు తెచ్చుకుందంటే క్లాస్ ఫస్టే అనుకుని, నా బిస్కెట్ మామ చేతికిచ్చి దాని మీదే కాశాను.

“అది గెలవదని అందరికీ ఎరుకే బిడ్డా. అందుకే గెలిస్తే ఒకటికి ఐదిస్తరు, నీది నీకు వాపసొస్తది,” అన్నాడు మామ.

గుర్రం గెలిచింది! నేను మంచమెక్కి గంతులేశాను. మామ మొహం వేలాడేసుకుని ఐదు బిస్కెట్లు ఇచ్చాడు.

“మరి నాది?”

మామ నమలడం ఆపాడు. “గెలుస్తదని నేనేమన్న కలగన్ననా?”

పెద్ద అంకె అంటే నమ్మకం తక్కువని అర్థమట. మామ చెప్పినా అప్పుడు నాకది తలకెక్కలేదు, మామ మీసం మీది పొడి చూసి ఏడ్చానంతే.