మా ఆయన బిర్చ్ చెట్టు

శాన్ రామన్‌లో ఇల్లు కొన్న ఏడాదే మా ఆయన ముందు యార్డులో తెల్ల బిర్చ్ నాటారు. అది యూరప్ జాతి, ఈ ఎండలకి ఆగదు, వేరేది పెట్టుకోమని నర్సరీ అతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా! "మనం మాత్రం ఇక్కడ పుట్టామా? నీళ్ళు పోస్తే అదే బతుకుతుంది" అన్నారు. పదిహేనేళ్ళు పోశారు. కరువొచ్చి లాన్లకి నీళ్ళు పెట్టొద్దన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్ళు బకెట్‌తో మోశారు. ఆఫీస్ నుంచి రాగానే ముందు దాన్ని చూసే లోపలికొచ్చేవారు. నా సవతి ఎలా ఉందని వేళాకోళం చేసేదాన్ని.

పోయినేడు ఆయనకి క్యాన్సర్ అని తేలింది. నాకు మంత్రాల మీద, తాయెత్తుల మీద నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాటెత్తితే మొహం మీదే చాదస్తం అనేదాన్ని. ఆస్పత్రిలో ఆపరేషన్ కుదరదన్న రోజు ఆ పొగరంతా దిగిపోయింది. ఫోన్లో ఒక పంతులుగారు భూర్జపత్రం మీద మృత్యుంజయ మంత్రం రాసి ఆయన తలగడ కింద పెట్టమన్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించాలంటే మూడు వారాలట. భూర్జపత్రమంటే బిర్చ్ బెరడేనని నాకు తెలుసు. కూరగాయల చాకు పట్టుకెళ్ళి మాను చుట్టూ బెరడు వొలిచాను. చేతకాక ముక్క తర్వాత ముక్క చిరిగిపోయింది. ఆఖరికి అరచెయ్యంత ముక్క దక్కితే, మంత్రం రాసి తలగడ కింద పెట్టాను. చెట్టుకి మాత్రం జానెడు వెడల్పున పట్టీ పడి, నాలుగు రోజులకి నల్లబడింది.

ఇంక చేసేదేం లేదని ఆస్పత్రి వాళ్ళు ఆయన్ని ఇంటికి పంపేసే వేళకి పైకొమ్మల ఆకులు ఎండిపోతున్నాయి. చెట్టుని నేనే చంపేశాననుకున్నాను. హాల్లో ఆయన కుర్చీని టీవీ వైపు తిప్పి, అది ఆయన కంట పడకుండా కిటికీ బ్లైండ్స్ దించేశాను.

"కుర్చీ కాస్త అటు తిప్పవే, చెట్టు చూస్తాను" అన్నారు. ఎండ కొడుతుందండీ అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగారు. రేపు తిప్పుతానన్నాను. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని అందరికీ చెప్పేదాన్ని, ఆయన ముందు నీళ్ళు నమిలాను. లేచి తనే వెళ్ళి చూసే ఓపిక ఆయనకి లేదు. మూడోసారి అడగలేదు. ఇరవై రోజులు టీవీ వైపే చూసి, అలాగే కన్నుమూశారు.

వానలు వెళ్ళాక చెట్టు కొట్టడానికి మనిషిని పిలిచాను. బెరడు వొలిచి చంపింది నేనేనని ముందే ఒప్పేసుకున్నాను. అతను ఆ పట్టీని గోటితో గీరి చూశాడు. నేను తీసింది పైపొరేనట, మచ్చ పడుతుందే తప్ప చెట్టు చావదట. పైకొమ్మ ఒకటి దించి, తొలిచే పురుగు చేసిన కన్నాలు చూపించాడు. అది పైనుంచే ఎండగొట్టుకుంటూ వస్తుందట. ఈ ఎండల్లో ఈ జాతికి మామూలేనని, మీరు చాకు పెట్టక ముందే పట్టి ఉంటుందని అన్నాడు.

ఆ మాటతో నా మనసు తేలికపడుతుందనుకున్నాడు పాపం. చెట్టుకి నేనేం చెయ్యలేదు. చేసిందంతా ఆయనకే.

బయట రంపం చప్పుడు మొదలైంది. లోపలికొచ్చి బ్లైండ్స్ ఎత్తి, కుర్చీని కిటికీ వైపు తిప్పాను. ఒక్క చేత్తో తోస్తే తిరిగింది.